భుజం కీలులో ఎముక నష్టం: శాతం ఒక్కటే రాస్తే సరిపోదు

భుజం పదేపదే జారే వ్యక్తికి సీటీ స్కాన్ తీసినప్పుడు నివేదిక చివరలో సాధారణంగా ఒక వాక్యం కనిపిస్తుంది: "గ్లెనాయిడ్ ఎముక నష్టం 18 శాతం." గ్లెనాయిడ్ అంటే చేతి ఎముక తల ఆనుకునే గుంట. చిరిగిన కణజాలాన్ని కుట్టి వదిలేయాలా, లేక ఎముక ముక్కను తెచ్చి అమర్చాలా అన్న నిర్ణయం చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడుతుంది. ఇలాంటి నివేదికలు రాయడమే వృత్తిగా ఉన్న రేడియాలజిస్టుగా నేను ఈ అంకెను గౌరవిస్తాను. కానీ అది ఏ పద్ధతిలో, ఏ చిత్రం మీద, ఏ గీతల మధ్య కొలిస్తే వచ్చిందో చెప్పకుండా శాతం మాత్రమే రాయడం సగం పని చేసి సంతకం పెట్టడమేనని నా గట్టి అభిప్రాయం. అలా ఎందుకు అనుకుంటున్నానో కాస్త వివరంగా రాస్తాను.

భుజం కీలులో చేతి ఎముక తల పెద్దది, అది ఆనుకునే గ్లెనాయిడ్ గుంట చిన్నది, లోతు కూడా తక్కువే. చేయి ఇన్ని దిక్కులకు తిరగడానికి కారణం ఈ అమరికే, కీలు తేలిగ్గా జారడానికి కారణమూ ఇదే. గుంట అంచు చుట్టూ లేబ్రమ్ అనే మెత్తని పట్టీ, దానికి అతుక్కున్న స్నాయుబంధాలు తలను స్థానంలో నిలబెడతాయి. భుజం ముందుకు జారినప్పుడు ఈ లేబ్రమ్ ముందువైపు కింది భాగంలో అంచు నుంచి ఊడిపోతుందని బ్రిటిష్ శస్త్రవైద్యుడు బ్యాంకార్ట్ 1923లో వర్ణించాడు, ఆ గాయానికి ఆయన పేరే స్థిరపడింది. చాలామందిలో గాయం మెత్తని కణజాలంతో ఆగదు. తల బయటికి వెళ్తూ గుంట ముందు అంచును విరగ్గొడుతుంది, లేదా జారిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా అరగదీస్తుంది. బయటికి వెళ్లిన తల వెనుక భాగం అదే అంచుకు గుద్దుకుని లోపలికి నొక్కుకుపోతుంది. ఈ గాడిని హిల్, శాక్స్ అనే ఇద్దరు రేడియాలజిస్టులు 1940లో వివరించారు. కాబట్టి ఎముక నష్టం ఎప్పుడూ రెండు వైపుల లెక్క, గుంట వైపు ఎంత పోయింది, తల వైపు ఎంత పోయింది అని.

ఈ లెక్కకు ఇప్పుడున్న ప్రాధాన్యం రావడానికి 2000లో బర్ఖార్ట్, డి బీర్ ప్రచురించిన పరిశీలన ముఖ్య కారణం. ఆర్త్రోస్కోపీ (చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి చేసే పద్ధతి) ద్వారా బ్యాంకార్ట్ మరమ్మతు, అంటే ఊడిన లేబ్రమ్‌ను తిరిగి అంచుకు కుట్టడం, చేసిన 194 భుజాలను వారు పరిశీలించారు. చెప్పుకోదగ్గ ఎముక లోపం లేనివారిలో భుజం మళ్లీ అస్థిరమైనది 4 శాతం మందికి, లోపం ఉన్నవారిలో 67 శాతం మందికి. ఆరోగ్యంగా ఉన్న గ్లెనాయిడ్ ఎదురుగా చూస్తే కింద వెడల్పుగా, పైన సన్నగా బేరి పండు ఆకారంలో ఉంటుంది. ముందు అంచు కింది భాగం బాగా పోయినప్పుడు ఆ ఆకారం తలకిందులవుతుంది, "తలకిందులైన బేరి" అన్న మాట వాడుకలోకి తెచ్చింది వారే. అదే ఏడాది ఇటోయి బృందం మృతదేహాల భుజాల మీద జరిపిన ప్రయోగంలో, గ్లెనాయిడ్ నిలువు పొడవులో దాదాపు 21 శాతం వెడల్పు ఉన్న లోపం ఏర్పడితే లేబ్రమ్‌ను కుట్టినా కీలు స్థిరంగా నిలవడం లేదని తేలింది. తర్వాత చాలాకాలం పాటు 20 నుంచి 25 శాతం అన్నది ఒక గీతలా నిలిచిపోయింది. ఆ ప్రయోగంలో కొలత గుంట పొడవుతో పోల్చినది, మనం ఇప్పుడు నివేదికల్లో రాసేది ఎక్కువగా వెడల్పుతో పోల్చినది. ఈ రెండింటినీ ఒకే గీతకు కట్టెయ్యడం దగ్గరే గందరగోళం మొదలైందని నాకనిపిస్తుంది.

స్కాన్ కంటే ముందే రోగి మాటల్లో ఎముక నష్టం జాడలు దొరుకుతాయి. మొదటిసారి జారినప్పుడు వయసు ఎంత, ఇప్పటికి ఎన్నిసార్లు జారింది, ఎంత చిన్న కదలికకు జారుతోంది అన్నవి అడగాలి. నిద్రలో పక్కకు తిరిగినప్పుడు, చొక్కా తొడుక్కుంటున్నప్పుడు కూడా భుజం జారుతోందంటే ఎముకను అనుమానించాల్సిందే. చేయి పూర్తిగా పైకెత్తి బయటికి తిప్పినప్పుడు భయపడటం అస్థిర భుజాలన్నిటిలోనూ కనిపించేదే, చేయి 45 డిగ్రీలే ఎత్తి 45 డిగ్రీలే తిప్పినప్పుడు కూడా రోగి జంకితే దాని వెనుక ఎముక లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. మామూలు ఎక్స్‌రేలోనూ చాలా తెలుస్తుంది. గ్లెనాయిడ్ ముందు కింది అంచును చూపే తెల్లటి గీత మధ్యలో మాయమైతే అక్కడ ఎముక పోయిందని అర్థం. చేయి లోపలికి తిప్పి తీసిన చిత్రంలో హిల్-శాక్స్ గాడి బాగా కనిపిస్తుంది, బయటికి తిప్పి తీసినప్పుడు కూడా కనిపించేంత గాడి అయితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బెర్నాజో, వెస్ట్ పాయింట్ కోణాల్లో తీసిన చిత్రాలు గుంట అంచును, స్ట్రైకర్ నాచ్ చిత్రం తల వెనుక గాడిని ఇంకా స్పష్టంగా చూపుతాయి. ఎక్స్‌రే పని అనుమానాన్ని బలపరచడమే. దాని మీద శాతం లెక్కగట్టడం నాకు సమ్మతం కాదు.

కొలతకు సరైన చోటు త్రీడీ సీటీ. పలుచని ముక్కలుగా స్కాన్ తీసి, వాటి నుంచి త్రీడీ ఆకృతిని కట్టి, చేతి ఎముక తలను కంప్యూటర్‌లో తొలగిస్తే గ్లెనాయిడ్ ఒక్కటే మన ముఖానికి ముఖం పెట్టి నిలబడుతుంది. సుగాయా బృందం 2003లో ఈ పద్ధతితో, పదేపదే ముందుకు జారే 100 భుజాలను పరిశీలించి, 50 భుజాల్లో విరిగిన ఎముక ముక్కను, మరో 40 భుజాల్లో ముక్క లేకుండా అంచు ఆకారం దెబ్బతినడాన్ని గుర్తించింది. అంటే మామూలు ఆకారం మిగిలినవి 10 మాత్రమే. ఎముక నష్టాన్ని అరుదైన సంగతిగా భావించే అలవాటుకు ఆ పరిశీలన దాదాపు ముగింపు పలికింది.

ముఖానికి ముఖం అన్నంత మాత్రాన సరిపోదు, నిజంగా ఎదురుగా ఉందో లేదో తేల్చుకోవాలి. త్రీడీ ఆకృతిని మౌస్‌తో కొద్దిగా పక్కకు తిప్పితే ముందు అంచు ఎక్కడ ముగుస్తోందో కంటికి వేరుగా కనిపిస్తుంది, పైకో కిందికో వంచితే కింది భాగం గుండ్రదనం మారిపోతుంది. నేను ముందుగా గుంట వెనుక అంచును, కింది అంచును చూస్తాను, ఎందుకంటే ముందుకు జారే భుజంలో ఆ రెండూ సాధారణంగా చెక్కుచెదరకుండా ఉంటాయి. ఆ రెండు అంచులకూ సరిగ్గా తగిలేలా కింది మూడింట రెండు వంతుల భాగంలో ఒక వృత్తం గీస్తాను. ముందువైపు ఆ వృత్తం లోపల ఎముక లేని చోటే నష్టం. వృత్తం అడ్డు వ్యాసం ఒకప్పటి గుంట వెడల్పు, దాని ముందు చుట్టుకొలత నుంచి మిగిలిన ఎముక అంచు దాకా ఉన్న దూరం పోయిన వెడల్పు. కాగితం మీద ఇది తేలికే. తెర మీద మాత్రం వృత్తం ఎంత పెద్దదిగా గీయాలి అన్న ప్రశ్న ప్రతిసారీ ఎదురవుతుంది. అరుగుదల వల్ల వెనుక కింది అంచున కొత్త ఎముక పెరిగిన భుజంలో దాన్ని కూడా కలుపుకుని వృత్తం గీస్తే, లేని నష్టం ఉన్నట్టు చూపిస్తుంది. కొందరి గుంట కింది భాగం పుట్టుకతోనే ఖచ్చితమైన వృత్తంగా ఉండదు. రెండో భుజం ఆరోగ్యంగా ఉంటే దాన్ని కూడా స్కాన్ తీసి, దాని వృత్తాన్ని తెచ్చి ఇక్కడ పెట్టి చూడటం ఇలాంటప్పుడు ఉపకరిస్తుంది. కుడి ఎడమల మధ్య సహజంగా ఉండే చిన్న తేడాను మరిచిపోకూడదు. రెండు భుజాలూ జారేవారిలో ఈ ఆసరా అసలే ఉండదు.

అంచు విరిగిన భుజం కంటే అంచు అరిగిన భుజం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. విరిగిన చోట ఒక గీత ఉంటుంది, ఆ గీత దాకా కొలిస్తే చాలు. అరిగిన అంచు నున్నగా గుండ్రంగా లోపలికి వాలి ఉంటుంది, గుంట ఎక్కడ ఆగింది, వాలు ఎక్కడ మొదలైంది అన్నది చూసేవారి తీర్పు. అలాంటప్పుడు త్రీడీ చిత్రాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా అడ్డుకోత చిత్రాల్లో అదే ఎత్తు దగ్గరికి వెళ్లి అంచును సరిచూసుకోవాలి.

ఒకసారి ఒక శస్త్రవైద్యుడు ఫోన్ చేసి, "18 శాతం అని రాశారు కదండీ, అది వ్యాసం లెక్కా, వైశాల్యం లెక్కా?" అని అడిగారు. చాలా సరైన ప్రశ్న. ఒకే గుంటకు, ఒకే లోపానికి ఈ రెండు లెక్కలు వేర్వేరు అంకెలు ఇస్తాయి. 28 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తంలో ముందు నుంచి 5 మిల్లీమీటర్లు పోయిందనుకుందాం. వ్యాసంతో పోలిస్తే నష్టం 17.9 శాతం. ఆ 5 మిల్లీమీటర్ల పట్టీ వృత్తం అంచు దగ్గర సన్నబడుతుంది కాబట్టి వైశాల్యంలో చూస్తే పోయింది దాదాపు 12 శాతమే. వ్యాసం లెక్కలో 20 శాతం అయితే వైశాల్యం లెక్కలో 14 చిల్లర, వ్యాసంలో 25 శాతం అయితే వైశాల్యంలో 19.6 దాకా వస్తుంది. ఇందులో ఏది సరైనది అన్న వాదన అనవసరం, లోపం నిలువు గీతలా ఉన్నంతవరకు రెండూ సరైనవే. చిక్కల్లా ఒక పద్ధతిలో కొలిచిన అంకెను మరో పద్ధతిలో స్థిరపడిన హద్దుతో పోల్చినప్పుడే వస్తుంది. 12 శాతం అని చదివిన వైద్యుడు నిశ్చింతగా లేబ్రమ్‌ను కుట్టి ముగించవచ్చు, 18 అని చదివినవారు ఆగి ఆలోచిస్తారు. భుజం మాత్రం ఒకటే.

హద్దుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. షాహా బృందం 2015లో సైనిక సిబ్బందిని పరిశీలించి, నష్టం 13.5 శాతం దాటినవారిలో మరమ్మతు తర్వాత భుజం మళ్లీ జారకపోయినా దాని పనితీరు మీద రోగులకు సంతృప్తి తగ్గిందని చూపింది. తీవ్రమైన నష్టానికి కిందిస్థాయిలో ఇంకో హద్దు ఉందన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. 28 మిల్లీమీటర్ల గుంటలో 13.5 శాతం అంటే 3.8 మిల్లీమీటర్లు, 20 శాతం అంటే 5.6 మిల్లీమీటర్లు. రెండు హద్దుల మధ్య దూరం 2 మిల్లీమీటర్ల కంటే తక్కువ, వృత్తం గీయడంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే శాతం 3.6 అటూ ఇటూ అవుతుంది. గుంట చిన్నదైతే ఆ మిల్లీమీటరు ఇంకా బరువెక్కుతుంది. ఈ లెక్క చూశాక కూడా నివేదికలో "17.86 శాతం" అని దశాంశాలతో రాయడం నాకు కృత్రిమంగా తోస్తుంది. మిల్లీమీటర్లు రాసి, పక్కన శాతాన్ని పూర్ణాంకంలో పెడితే చదివేవారికి ఆ కొలత స్థాయి తెలుస్తుంది.

ఇక తల వైపు. హిల్-శాక్స్ గాడి లోతును, వెడల్పును విడిగా కొలిచి, చిన్నది, మధ్యస్థం, పెద్దది అని రాసే అలవాటు చాలాకాలం నడిచింది. గాడి ఎంత పెద్దది అన్నదానికంటే అది ఎక్కడ ఉంది, దాని ఎదుట మిగిలిన గుంట వెడల్పు ఎంత అన్నవి కలిపి చూడాలన్న సంగతి యామామోటో బృందం 2007లో ప్రతిపాదించిన గ్లెనాయిడ్ ట్రాక్ భావనతో స్పష్టమైంది. చేతిని పైకెత్తి బయటికి తిప్పిన స్థితిలో గుంట, తల వెనుక భాగాన ఒక పట్టీ మేరకు ఆనుకుని ఉంటుంది, ఆ పట్టీయే ట్రాక్. మృతదేహాల మీద కొలిస్తే దాని వెడల్పు గుంట వెడల్పులో 84 శాతంగా తేలింది. తర్వాత బతికున్నవారిలో కొలిస్తే 83 శాతం వచ్చింది. గాడి పూర్తిగా ఈ పట్టీ లోపలే ఉంటే గుంట అంచు అందులో పడదు, గాడి పట్టీని దాటి లోపలివైపు పాకితే అంచు అందులో చిక్కుకుని భుజం జారుతుంది. 2014లో డి జాకోమో, ఇటోయి, బర్ఖార్ట్ కలిసి దీన్ని ఆన్‌ట్రాక్, ఆఫ్‌ట్రాక్ అన్న రెండు మాటలుగా (గాడి పట్టీ లోపలే ఉంటే మొదటిది, దాటితే రెండోది), ఎవరైనా వేయగలిగిన లెక్కగా మార్చారు.

లెక్క ఇలా నడుస్తుంది. పై ఉదాహరణలో గుంట అసలు వెడల్పు 28 మిల్లీమీటర్లు, దానిలో 83 శాతం 23.2. పోయిన 5 మిల్లీమీటర్లు తీసేస్తే ట్రాక్ వెడల్పు 18.2 మిల్లీమీటర్లు. తల వెనుక రొటేటర్ కఫ్ (భుజాన్ని తిప్పే కండరాల గుంపు) స్నాయువు అతుక్కునే చోటు లోపలి అంచు నుంచి గాడి లోపలి అంచు దాకా ఉన్న దూరమే హిల్-శాక్స్ విరామం, అంటే గాడి వెడల్పుతో పాటు గాడికీ స్నాయువుకూ మధ్య మిగిలిన ఎముక వంతెనను కూడా కలిపి కొలవాలి. గాడి 14, వంతెన 6 అనుకుంటే విరామం 20. ఇది 18.2 కంటే ఎక్కువ, కాబట్టి ఆఫ్‌ట్రాక్. ఇదే గాడి ఉన్న మరో వ్యక్తిలో గుంట నష్టం 2 మిల్లీమీటర్లే అయితే ట్రాక్ 21.2కు పెరుగుతుంది, ఆ భుజం ఆన్‌ట్రాక్ అవుతుంది. తల మీద గాయంలో ఏ మార్పూ లేకుండానే నిర్ణయం మారిపోయిందన్నమాట. హిల్-శాక్స్ గాడిని "చిన్నది" అని రాసి వదిలేసే నివేదికల మీద నాకున్న అసహనానికి కారణం ఇదే.

ఈ కొలతలోనూ పట్టుతప్పే చోట్లు ఉన్నాయి. సీటీలో స్నాయువు స్పష్టంగా కనిపించదు, దాని అతుకు అంచును ఎముక ఆకారం చూసి ఊహించాల్సి వస్తుంది. గాడి లోపలి అంచు లోతు తక్కువగా, వాలుగా ఉంటే అది ఎక్కడ మొదలైందో ఇద్దరు చూస్తే ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టరు. విరామానికీ ట్రాక్‌కూ తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉన్నప్పుడు ఆన్‌ట్రాక్ అన్న మాటను భరోసాగా తీసుకోకూడదు. అలాంటి భుజాల విషయంలో ఆ తేడాను మిల్లీమీటర్లలోనే రాసి, హద్దుకు దగ్గరగా ఉందని స్పష్టంగా చెప్పడం మేలు.

ఎమ్మారైలో కొలవవచ్చా అని తరచూ అడుగుతారు. లేబ్రమ్‌ను, స్నాయుబంధాలను, రొటేటర్ కఫ్‌ను చూడటానికి ఎమ్మారై తప్పనిసరి, రేడియేషన్ ఉండదు కాబట్టి చిన్న వయసువారికి అది పెద్ద వెసులుబాటు. ఎముకను ప్రత్యేకంగా చూపే కొత్త ఎమ్మారై పద్ధతులతో త్రీడీ ఆకృతులు కట్టడం కూడా ఇప్పుడు సాధ్యమవుతోంది, వాటి కొలతలు సీటీకి చాలా దగ్గరగా వస్తున్నాయి. మామూలు ఎమ్మారై ముక్కల మీద అయితే నష్టం ఉందా లేదా అన్నంతవరకు చెప్పవచ్చు గాని, హద్దుకు అటా ఇటా అని తేల్చాల్సిన భుజానికి సీటీనే అడుగుతాను. ఆర్త్రోస్కోపీలో కొలిచేవారు గుంట మధ్యలో మృదులాస్థి పలుచగా కనిపించే చోటును కేంద్రంగా తీసుకుని, గీతలున్న పరికరంతో ముందుకూ వెనక్కూ దూరాలు కొలుస్తారు. ఆ చోటు అందరిలోనూ సరిగ్గా కేంద్రంలో ఉండదని, కొందరిలో అసలు కనిపించదని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. ఆపరేషన్ బల్ల దాకా వెళ్లాక తెలిసే కొలత కంటే ముందే చేతిలో ఉండే కొలత విలువైనదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

విరిగిన ముక్క ఇంకా అక్కడే ఉంటే లెక్కలో కలపాలా వద్దా అన్నది మరో చిక్కు. నష్టం కొలిచేటప్పుడు నేను ముక్కను కలపను, దాని పొడవు వెడల్పులను మాత్రం విడిగా రాస్తాను, ఎందుకంటే ఆ ముక్కను తిరిగి అంచుకు అతికించి కుట్టగలిగితే గుంట వెడల్పు కొంత తిరిగి వస్తుంది. అయితే ఆ ముక్క చాలాకాలం అలాగే ఉండదు. మొదటిసారి జారిన తర్వాత తొలి ఏడాదిలోనే అది ఎక్కువగా కరిగి చిన్నదవుతుంది. అందువల్ల ముక్క ఎంతో రాయడంతో పాటు భుజం మొదట ఎప్పుడు జారిందో, స్కాన్ ఎప్పుడు తీశారో పక్కపక్కనే ఉండాలి.

వెనక్కి జారే భుజంలో ఇదంతా తిరగబడుతుంది, గుంట వెనుక అంచు పోతుంది, గాడి తల ముందువైపు పడుతుంది. మూర్ఛ వచ్చినప్పుడు భుజం జారిన వారిలో దీన్ని ప్రత్యేకంగా వెతకాలి, వీరిలో ఏ వైపు నష్టమైనా పెద్దదిగా ఉండే అవకాశం ఎక్కువ.

కొలతలన్నీ చేతిలోకి వచ్చాక నిర్ణయం శస్త్రవైద్యుడిది, రోగిది. డి జాకోమో, ఇటోయి, బర్ఖార్ట్ సూచన ప్రకారం నష్టం 25 శాతానికి లోపు ఉండి ఆన్‌ట్రాక్ అయితే బ్యాంకార్ట్ మరమ్మతు, ఆఫ్‌ట్రాక్ అయితే దానికి తోడు వెనుక స్నాయువును గాడిలోకి దింపి కుట్టే రెంప్లిసాజ్, నష్టం 25 శాతం దాటితే భుజఫలకం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన కోరకాయిడ్ ఎముక ముక్కను గుంట అంచుకు మార్చే లాటార్జే వంటి శస్త్రచికిత్స. అంకె ఇక్కడితో మొత్తం చెప్పేయదు. బాల్గ్, బ్వాలో 2007లో ఇచ్చిన పది పాయింట్ల స్కోరులో 20 ఏళ్లు దాటని వయసుకు రెండు, పోటీ క్రీడలకు రెండు పాయింట్లు ఉండగా, ఎక్స్‌రేలో కనిపించే రెండు ఎముక గుర్తులకు కలిపి నాలుగే ఉన్నాయి. 15 శాతం నష్టం ఉన్న 18 ఏళ్ల రగ్బీ ఆటగాడి భుజాన్నీ, అంతే నష్టంతో కార్యాలయంలో కూర్చుని పనిచేసే 45 ఏళ్ల వ్యక్తి భుజాన్నీ ఒకే గాటన కట్టలేం.

నా నివేదికలో ఇప్పుడు ఈ వివరాలుంటాయి: ఏ పద్ధతిలో కొలిచానో, వృత్తం వ్యాసం ఎంతో, పోయిన వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో, దానికి సరిపడే శాతం ఎంతో, ముక్క ఉందో లేదో, అంచు విరిగిందో అరిగిందో, ట్రాక్, విరామం రెండూ ఎంతెంతో, రెండో భుజంతో పోల్చానో లేదో. వృత్తం గీసిన చిత్రాన్ని కూడా జతచేస్తాను, చదివేవారికి నా గీత నచ్చకపోతే వారే మరొకటి గీసుకోవచ్చు. స్కాన్ తర్వాత, శస్త్రచికిత్సకు ముందు భుజం మళ్లీ జారిందని తెలిస్తే ఆ కొలతలు పాతబడినట్టే లెక్క, కొత్త స్కాన్ తీసి మొదటి నుంచి కొలవాల్సిందే.